మా బడికి ఒకరోజు ఆలస్యంగా వచ్చిన పత్రిక

మొన్న శివరాత్రి దాటాక భూపాలపల్లిలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అల్లుడు బొగ్గు గనిలో పనిచేస్తాడు, కాపురం క్వార్టర్లలో. అమ్మాయి దగ్గర్లోనే ఉన్న సర్కారు బడిలో తెలుగు చెబుతుంది. పొద్దంతా ఒక్కదానివే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, నువ్వూ ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టినదానివే గదా, వచ్చి మా పిల్లల్ని చూడు అని ఒకరోజు నన్నూ వెంటబెట్టుకుని పోయింది. నల్లబల్ల ఉండాల్సిన చోట తలుపంత వెడల్పు తెర ఉంది. మా అమ్మాయి వేలితో తాకగానే అందులో ఒక వార్తల వెబ్‌సైట్ తెరుచుకుంది, పక్కనే ఇంకొకటి తెరుచుకుంది. రెండింటిలోనూ ఒకటే వార్త, దగ్గర్లోని అడవిలో పులి తిరుగుతోందని. ఒకచోట పులిని కళ్లారా చూశారని రాశారు, మరోచోట అడుగుల గుర్తులు మాత్రమే కనిపించాయని రాశారు. రెంటినీ పిల్లల చేత చదివించి, తేడా ఏముందో చెప్పమంది. ఆ తరువాత అభిప్రాయాలు రాసే ఇంకేదో వెబ్‌సైట్ తెరిచి, అడవి పక్కన ఊళ్లుండాలా వద్దా అని ఇద్దరు పెద్దమనుషులు చెరోవైపు రాసిన వ్యాసాలు చూపించింది. పిల్లలు తడుముకోకుండా మాట్లాడుతున్నారు. నాకు చెప్పలేనంత ముచ్చటేసింది. అంతలో మూడో వరుసలో ఒక పిల్ల లేచి, మేడం, ఈ రెండిట్ల ఏది నిజం అని అడిగింది. మా అమ్మాయి ఏం చెప్పిందో నేను సరిగ్గా వినలేదు. ఆ ప్రశ్న చెవిన పడగానే నా మనసు అక్కడినుంచి లేచి ఎటో వెళ్లిపోయింది.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చినప్పుడు నేను జనగామలో ఏడో తరగతి చదువుతున్నాను. మాది కోమట్ల ఇల్లు, ముందు భాగంలో కిరాణా దుకాణం, వెనక కాపురం. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ ఏడు బళ్లకు ఎన్ని నెలలు తాళాలు పడ్డాయో. గోడల నిండా జై తెలంగాణ రాతలు, వీధుల్లో ఊరేగింపులు, ఇంట్లో మాత్రం మాకు పనీ లేదు, పాఠమూ లేదు. బాపు ఒక దినపత్రిక తెప్పించేవాడు. పొద్దున్నే హైదరాబాదు నుంచి రైల్లో వచ్చేది. ఆయన చదివి మడిచి పెట్టాక అది మా అవ్వ దగ్గరికి చేరేది. అవ్వ అంటే మా బాపు తల్లి. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ లోకం సంగతులన్నీ కావాలి. గట్టిగ సదువు బిడ్డా అని నన్ను గడప దగ్గర కూర్చోబెట్టి, తను చింతపండు గింజలు తీస్తూ వినేది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఎవరో పెద్దలు రాసిన పొడుగాటి వ్యాసాల దాకా, అర్థమైనా కాకపోయినా చదువుకుంటూ పోయేదాన్ని. నాకు తెలుగు చదవడం నిజంగా వచ్చింది బళ్లో కాదు, ఆ గడప మీదనే.

ఒకరోజు మా పెద్దన్న ఊరేగింపుకు పోయి కుంటుకుంటూ వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు, మోచెయ్యి చెక్కుకుపోయింది. లాఠీలు లేచాయి, జనం పరుగెత్తారు, కింద పడ్డానన్నాడు. అవ్వ పసుపు అద్దింది. మర్నాడు పత్రికలో మా ఊరి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఊరేగింపు ప్రశాంతంగా ముగిసిందని. నేను చదివాను. అవ్వ చేతిలో చింతపండు ఆగింది.

"ఏందీ, మల్లొకసారి సదువు."

మళ్లీ చదివాను.

"గీ ముచ్చట రాసినాయన ఆడ ఉన్నడా బిడ్డా?"

"ఏమో అవ్వా. రాయలేదు."

"గదే మరి. పోయి సూసి రాసిండో, ఇంట్ల కూసుండి రాసిండో కాయితం జెప్పదు. మనమే అడగాలె."

అవ్వ పత్రికను మాత్రమే అనుమానించిందని అనుకోకండి. అదే సాయంత్రం అన్న తన స్నేహితులకు ఊరేగింపులో పదివేల మంది ఉన్నారని గొప్పగా చెబుతుంటే, గడప మీదనుంచే, పదివేల మంది ఏడ వట్టిండ్రురా మన గల్లీల, నేను గీడనే కూసున్న గదా అని కసిరింది. అన్న ముఖం ఎర్రబడింది. కళ్లతో చూసినవాళ్ల మాటకు కూడా వంకర ఉంటుందని ఆరోజు నాకు మొదటిసారి తెలిసింది.

ఆ సంవత్సరం చదువు పోయింది. బళ్లు తెరిచాక, ఆడపిల్లకు ఇంత చాల్లే అని బాపు మెత్తగా అన్నాడు. దానికి అవ్వే అడ్డుపడింది. అది సదువు మర్సిపోతే నాకు పేపరు ఎవ్వరు వినిపిస్తరు అన్నది. నా చదువు నిలబడిన కారణం అంత చిన్నది. వరంగల్లులో నా టీచరు ట్రైనింగు పూర్తయ్యేదాకా అవ్వ బతికి ఉంది, నా ఉద్యోగం మాత్రం చూడలేదు.

ఆ ట్రైనింగు ముచ్చట కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే తరువాత నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. ఒకరోజు నమూనా పాఠం చెబుతూ, వానలు వస్తలేవు అన్నాను. పాఠం దిద్దే మాస్టారు కోస్తా వైపు మనిషి, చెడ్డవాడేమీ కాదు. రావడం లేదు అనాలమ్మా, పిల్లల నాలుక పాడు చేస్తావా అన్నారు. తరగతి మొత్తం నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మంది మావైపు పిల్లలే, మానుకోట, పరకాల వాళ్లు. ఆ తరువాత నేను పుస్తకం భాషను ఇస్త్రీ చీరలా కట్టుకోవడం మొదలుపెట్టాను. బడిలో ఒక మాట, ఇంట్లో ఒక మాట.

నా మొదటి ఉద్యోగం నెల్లికుదురు వైపు ఒక పల్లెలో. మహబూబాబాదులో, అంటే మా మానుకోటలో, చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పొద్దున్నే బస్సెక్కి, దిగాక రెండు మైళ్లు నడిస్తే బడి. రెండు పెంకుటి గదులు, ఒక వసారా. పెద్దసారు, నేను, ఇంకొక మాస్టారు. పెద్దసారుకు ఉద్యోగ విరమణకు రెండేళ్లుంది. ఎండైనా వానైనా చంకలో గొడుగుండేది. పై ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా విప్పేముందు కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకునేవాడు. అంత భయస్తుడు.

నాకు ఆరో తరగతి అప్పగించారు. ముప్పై మందికి పైగా పిల్లలు, సగం ఊరివాళ్లు, సగం చుట్టుపక్కల తండాల వాళ్లు. తండా పిల్లల ఇంటి భాష లంబాడీ. పుస్తకంలో ఓడరేవు మీద ఒక పాఠం ఉంది. నేను ఎంత బాగా చెప్పాననుకున్నా ఆ కళ్లలో వెలుగు రాలేదు. సముద్రం మాట అటుంచి, నెల్లికుదురు దాటి ఎరగని పిల్లలు వాళ్లు. ఒకరోజు ఏమీ తోచక, చిన్నాయన చదివి పడేసిన నిన్నటి పత్రికను సంచిలో పెట్టుకుపోయి, పుస్తకం మూసి, అందులోంచి వానల గురించిన వార్త చదివాను. మన జిల్లాలో ఎక్కడెక్కడ పడ్డాయో ఊళ్ల పేర్లతో ఉంది. మానుకోట పేరు వినగానే వెనక వరుస కూడా మెడలు నిక్కించింది. ముద్రించిన కాగితంలో తమకు తెలిసిన ఊరు ఉంటుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

ఆరోజు నుంచి మా బడికి పత్రిక వచ్చేది, ఒకరోజు ఆలస్యంగా. మైదాపిండి ఉడికించిన గంజితో వసారా గోడకు అంటించేవాళ్లం. పొద్దున ప్రార్థన అయ్యాక ఒకరు ఒక వార్త చదవాలి, చదివింది తన మాటల్లో చెప్పాలి. ఆ తరువాత మిగతావాళ్లు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఎవరు చూశారు? ఎవరు చెబితే రాశారు? ఎప్పుడు జరిగింది? అవి మా అవ్వ ప్రశ్నలేనని వాళ్లకు చెప్పలేదు. శుక్రవారాల్లో లోపలి పేజీలోని వ్యాసం ఒకటి నేను విడమరిచి చెప్పేదాన్ని, సగం తరగతి ఔననాలి, సగం కాదనాలి. ఆడపిల్లలను హైస్కూలుకు పంపాలా అనే దాని మీద జరిగిన కొట్లాట పక్క గదిలో పెద్దసారుకు వినిపించి, ఆయన గొడుగు పట్టుకుని వచ్చి చూసి వెళ్లిపోయాడు.

ఆ తరగతిలో ఒక తండా పిల్ల ఉండేది. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తలుపు పక్కనే కూర్చునేది. ఎందుకంటే రోజూ ఆలస్యంగా వచ్చేది, దూరి లోపలికి వెళ్లడం ఇష్టముండేది కాదు. నోరు తెరిస్తే తెలుగులో ఏదో ఒక మాట తడబడేది, ఊరి పిల్లలు నవ్వేవాళ్లు. అందుకని పత్రిక చదివే వంతు వచ్చినా ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది. నేనూ బలవంతం చేయలేదు.

ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో ఒకనాడు, ఊరి పిల్లవాడొకడు జిల్లా వార్తల పేజీ చదువుతున్నాడు. ఫలానా తండాకు తాగునీటి బోరింగు, ఏళ్లనాటి కష్టం తీరింది, గిరిజనుల హర్షం. ఆ తండా పేరు వినగానే తలుపు పక్కన ఆ పిల్ల లేచి నిలబడింది.

"గది అబద్ధం టీచర్."

తరగతి గొల్లుమంది. చదువుతున్న పిల్లవాడికి రోషం వచ్చింది.

"పేపర్ల అచ్చేసినంక అబద్ధమెట్లయితదే?"

"మా తండ నాకెర్కలేదా? పొద్దుగాల గూడ వాగుల చెలిమె కాడికి పోయే వచ్చిన. బోరింగుంటే గంత దూరమెందుకు పోత?"

చెలిమె అంటే ఎండిన వాగు ఇసుకలో తవ్వుకునే గుంట, అడుగున ఊరే నీటిని చిప్పతో తోడుకోవాలి. ఆ పిల్ల రోజూ ఎందుకు ఆలస్యంగా వస్తుందో నాకు అప్పుడు తెలిసింది. ఏడాదిగా ఆ పిల్ల పేరు పక్కన ఆలస్యం అని గుర్తు పెడుతున్నాను గానీ, ఎందుకని ఒక్కసారి అడగలేదు. పిల్లలందరూ నా వైపు చూస్తున్నారు. పత్రిక గొప్పదా, ఆ పిల్ల మాట గొప్పదా అన్నది నేను తేల్చాలి. నేను తేల్చలేదు. పోయి చూద్దామా అన్నాను.

శనివారం బడి వదిలాక బయలుదేరాం. పెద్దసారు వద్దనలేదు, కానీ ఎండలో పిల్లలకు ఏమన్నా అయితే ఎట్ల తల్లీ అని రెండుసార్లు అన్నాడు. చివరికి తన గొడుగు నా చేతిలో పెట్టాడు. ఆ గొడుగు ఆయన చంకలోంచి దిగడం నేను చూడడం అదే మొదలు. మోదుగులు పూసిన బాటలో ముప్పై మంది పిల్లలు, ముందు ఆ పిల్ల. బళ్లో తలుపు దాటి లోపలికి రాని పిల్ల, అక్కడ అందరికన్నా ముందు నడిచింది.

తండా మొదట్లో నేలలోంచి మోకాలెత్తు ఇనుప గొట్టం ఒకటి నిలబడి ఉంది. దాని మూతి మీద ఒక రాయి. గొట్టానికి పూసిన పసుపు కుంకుమ ఇంకా పోలేదు. అంటే బోరు వేశారు, చేతిపంపు బిగించలేదు. తండా పెద్దాయన ఒకాయన వచ్చి చెప్పాడు.

"సార్లొచ్చిండ్రు, కొబ్బరికాయ గొట్టిండ్రు, ఫొటో దిగిండ్రు. పైన పెట్టే తల మల్ల తెస్తమన్నరు. పది దినాలాయె."

పత్రిక చదివిన పిల్లవాడు రాయి తీసి, చిన్న గులకరాయి ఒకటి గొట్టంలో వేశాడు. అందరం చెవులు రిక్కించాం. కాసేపు ఏమీ లేదు. ఆ తరువాత లోపల ఎక్కడో బుడుంగుమంది. పిల్లలు ఒక్కసారిగా అరిచారు. నీళ్లున్నాయి. పత్రిక చెప్పింది పూర్తి అబద్ధమూ కాదు, ఆ పిల్ల చెప్పింది పూర్తి నిజమూ కాదు. కానీ ఆ తండాకు నీళ్లు లేవు.

అప్పుడే ఆ పిల్ల తల్లి వాగు నుంచి వచ్చింది, తల మీద రెండు బిందెలు. మమ్మల్ని చూసి కంగారుపడి, గుడిసె ముందు దించింది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. నాకు లంబాడీ రాదు. ఏం చేయాలో తోచక ఆమె పక్కన అరుగు కింద నేల మీద కూర్చున్నాను. ఆమె ఒక చెంబు ముంచి నాకిచ్చింది. నేను తాగాను. ఆ తరువాత, ఎవరూ అడగకుండానే, వరసగా పిల్లలందరికీ పోసింది. వద్దని నేను అనేలోపే బిందెలు రెండూ ఖాళీ అయ్యాయి. ఆమె ముఖంలో కొంచెం కూడా విసుగు లేదు. పత్రిక చదివిన పిల్లవాడు మాత్రం ఆ ఖాళీ బిందె వైపే చూస్తూ నిలబడి, పోదాం టీచర్, నింపుకొద్దాం అన్నాడు.

అందరం వాగుకు పోయాం. ముప్పై మంది పిల్లలు చెలిమె చుట్టూ కూర్చుని వంతులవారీగా చిప్పతో తోడారు. నాలుగు చిప్పలు తోడితే ఊట ఆగేది, ఊరేదాకా కూర్చోవాలి. రెండు బిందెలు నిండేసరికి పొద్దు వాగు అవతలికి వాలింది. 

సోమవారం నాడు, చూసింది చూసినట్టు పత్రికకు ఉత్తరం రాయమన్నాను. అందరూ రాశారు. ఆ పిల్లది అన్నిటికన్నా బాగుంది. నాకు గుర్తున్నంతవరకు ఇట్లా ఉంది. మా తండల బోరింగు పైపున్నది. తల లేదు. రాయేస్తె బుడుంగుమంటది. నీళ్లు కింద ఉన్నయి, మేం పైన ఉన్నం. మా యాడి దినాం మూడు మాట్ల వాగుకు పోతది. నాలుగో మాటు నేను పోత. గందుకే బడికి ఆలిశమైతది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లతోనే కలం తీసి దిద్దాను. ఇట్లా పంపితే పట్నంలో నవ్వుతారనిపించింది. ట్రైనింగులో విన్న నవ్వు ఇంకా నా వీపు వెనకే ఉంది. మా తండాలో చేతిపంపు నిర్మాణం అసంపూర్తిగా ఉన్నందున ప్రజలు తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు, కావున సంబంధిత అధికారులు తక్షణమే స్పందించవలసిందిగా మనవి. ఇస్త్రీ మడతలు ఎక్కడా నలగకుండా రాసి, కింద ఆరో తరగతి విద్యార్థులు అని పెట్టాను. ఆ పిల్ల రాసిన కాగితం ఏం చేశానో నాకు గుర్తులేదు. అది గుర్తులేదన్న సంగతి మాత్రం ఇన్నేళ్లయినా మర్చిపోలేకపోయాను.

పెద్దసారుకు చూపించాను. కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు.

"మనం సర్కారు కొలువు జేసెటోళ్లం తల్లీ. పేపరోళ్లతోని మనకెందుకు? నీది కొత్త నౌకరి."

"పిల్లలు చూసిందే రాసినం సార్."

"నువ్వు గూడ సూసినవా?"

"చూసిన సార్."

ఆయన ఉత్తరం నా చేతిలో పెట్టి, బయటికి పోయి మొక్కలకు నీళ్లు పోయించడం మొదలుపెట్టాడు. నేను ఆ సాయంత్రం మానుకోటలో ఉత్తరం డబ్బాలో వేశాను.

మూడు వారాలకు అది పాఠకుల ఉత్తరాల్లో పడింది. గోడకు అంటించగానే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. తమ బడి పేరు అచ్చులో ఉంది. ఆ పిల్ల అందరూ పోయాక ఒక్కతే నిలబడి, వేలు పెట్టి నెమ్మదిగా మొత్తం చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. ఆ తరువాత నా వైపు తిరిగింది.

"గిది మేం రాసింది గాదు టీచర్."

"అదేనమ్మా. కొంచెం దిద్దాను, అంతే."

"మా యాడి ఏడుంది ఇండ్ల?"

నేను ఆ ఉత్తరం వైపు చూశాను. నిజమే. ప్రజలు ఉన్నారు, అధికారులు ఉన్నారు, ఇబ్బందులు ఉన్నాయి. ఆ పిల్ల తల్లి లేదు, మాకు పోసిన నీళ్లు లేవు, నాలుగో మాటు పోయే ఆ పిల్లా లేదు. పత్రికవాళ్లు తండాకు పోకుండా కూర్చుని రాశారని తప్పుపట్టాం, నేను పోయి చూసొచ్చి కూడా అట్లాగే రాశాను.  ఆ పిల్ల నా జవాబు కోసం నిలబడలేదు. పుస్తకాల సంచి తీసుకుని ఇంటికి పోయింది.

ఆ బాధలో ఉండగానే నాలుగో రోజు బడి ముందు జీపు ఆగింది. ఏ ఆఫీసుదో చెప్పను. దిగిన పెద్దమనిషి చేతిలో ఆ ఉత్తరం ముక్క ఉంది. ఎవరు రాయించారని అడిగాడు.  నేనేనని చెప్పడానికి లేచేలోపు, పెద్దసారు కుర్చీలోంచి లేచాడు.

"నేనే రాయించిన సార్. పిల్లలకు ఉత్తరం రాసుడని పాఠమున్నది. గా పాఠం కోసం రాయించిన."

ఆయన చేతులు బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. జీపులో వచ్చినాయన, ఇలాంటి పాఠాలు ఇక చాలన్నాడు. ఆ తరువాత పెద్దసారుకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఆయన ఒక మధ్యాహ్నమంతా కూర్చుని జవాబు రాసుకున్నాడు, నాకు చూపించలేదు. నేను దగ్గరికి పోయి ఏడిస్తే, ఏడుస్తవేంది తల్లీ, పోయి సూసిండ్రు గదా, సూసినోళ్లు రాస్తే తప్పేంది అన్నాడు. ఆయన జవాబు మీద పైవాళ్లు ఏమీ చేయలేదు, కాగితం అక్కడితో ఆగిపోయింది. కానీ ఆగుతుందని ఆయనకు ఆరోజు తెలియదు. త్వరలో వచ్చే పింఛను మీద ఇల్లంతా ఆధారపడ్డ భయస్తుడు, అది తెలియకుండానే లేచి నిలబడ్డాడు. ఆ తరువాత నేను చాలామంది ధైర్యవంతులను చూశాను, ఎవరూ నాకు అంత పెద్దగా కనిపించలేదు.

వేసవి సెలవుల్లో తండాలో చేతిపంపు బిగించారు. జూన్లో బడి తెరిచిన రోజు ఆ పిల్ల అందరికన్నా ముందు వచ్చి వసారాలో కూర్చుని ఉంది. నేను గోడ మీద పత్రిక పక్కన ఒక తెల్ల కాగితం అంటించి, ఇక్కడ మన వార్తలు మనమే రాద్దాం, ఎవరు ఎట్లా మాట్లాడితే అట్లాగే రాయాలి, నేను దిద్దను అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది, నిజంగానే అంటున్నానా అన్నట్టు. ఆ తరువాత లేచి రాసింది.

మా బోరింగుల నీళ్లు పడ్డయి. ఫస్టు ఎర్రగ వచ్చినయి, ఎనక తెల్లగ వచ్చినయి. మా యాడి చెయ్యి పెట్టి సూసింది. నవ్వింది.

తరగతి చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను కలం ముట్టుకోలేదు.

రెండేళ్లకు నా పెళ్లయింది. ఆ తరువాత కొన్నాళ్లకు మావారి ఉద్యోగంతో భూపాలపల్లి చేరాం. అప్పుడప్పుడే గనులు తవ్వుతున్న రోజులు, ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరుతున్నారు. తరగతిలో ఒక్కో పిల్లది ఒక్కో యాస. అక్కడా గోడ మీద కాగితం పెట్టాను. షిఫ్టు సైరను ఎప్పుడు మోగితే తమ ఇంట్లో అన్నం ఎప్పుడు వండుతారో ఒక పిల్ల రాస్తే, ఆ చిన్న వార్తలో ఆ ఊరంతా కనిపించింది నాకు.

ఎనభైల చివర్లో ఒకసారి చిన్నమ్మను చూసి వస్తూ మానుకోట స్టేషనులో రైలు కోసం కూర్చున్నాను. టీచరమ్మా అని పిలుపు. చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి. పొడుగును బట్టి గుర్తుపట్టాను. ఏడో తరగతితో చదువు ఆగిందట, హైస్కూలు దూరమైందట. ఇప్పుడు తమ తండాలోనే బాలవాడిలో పిల్లలను చూసుకుంటోందట. అక్షరాలు తనే దిద్దిస్తానని సిగ్గుపడుతూ చెప్పింది. నేను ఆగలేకపోయాను. ఎన్నో ఏళ్లుగా మోస్తున్న మాట చెప్పేశాను, ఆ ఉత్తరం నీదే ఉంచి పంపాల్సింది, నేను మార్చి తప్పు చేశానని.

"ఏం ఉత్తరం టీచర్?"

చెప్పాను. ఆమె నవ్వేసింది.

"గదా! నాకు యాదికి లేదు. మీరొచ్చి మా యాడి పక్కపొంటి కిందనే కూసున్నరు, గది యాదికున్నది. మా యాడి సచ్చేదాంక గా ముచ్చట చెప్పింది."

రైలు వచ్చింది. ఆమె బిడ్డ చేత నాకు చెయ్యి ఊపించింది.

ఇప్పుడు జనగామ ఒక జిల్లా, మానుకోట ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా. అప్పుడు బస్సు దిగి నడిచిన బాట మీద తారు రోడ్డు పడిందని విన్నాను. మా వీధిలో పత్రిక వేయించుకునే ఇళ్లు మూడో నాలుగో మిగిలాయి, మాది అందులో లేదు. నేనూ పొద్దున లేవగానే ఫోనులోనే చూస్తాను. నిద్రలేచేలోపు దేశదేశాల వార్తలు నా దిండు పక్కకు వచ్చి ఉంటాయి. మా రోజుల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చేవి. పిల్లలు ఇప్పుడు మాకన్నా ఎంతో ఎక్కువ చదువుతున్నారు, ఎంతో బాగా ప్రశ్నిస్తున్నారు, కాదనను. అయినా, వార్తలో వచ్చిన ఊరు రెండు మైళ్ల దూరంలోనే ఉంటే, నడిచి పోయి ఒకరి పక్కన నేల మీద కూర్చోవడానికి ఒక శనివారం మధ్యాహ్నం వాళ్లకు దొరుకుతుందా అని ఒక్కోసారి అనిపిస్తుంది. నా మోకాళ్లు ఇప్పుడు అందుకు ఒప్పుకోవు. ఒప్పుకున్న రోజుల్లో ఒక్కసారే పోయాను, ఇంకా ఎన్నిసార్లో పోవాల్సింది.